కచేరీ ఫోటోలకు జూమ్ లెన్స్ కొనే ముందు ఒక సాయంత్రం స్టేజీ దగ్గరికి పోయి రండి

"అన్నా, స్టేజీ ప్రోగ్రాములకు ఏ జూమ్ లెన్స్ కొనాల, 250 దాకా పోయేదా 300 దాకా పోయేదా?" అని మన సైడ్ కెమెరా పట్టిన పిల్లోళ్లు చానా మంది అడుగుతుంటారు. కొనక ముందే అడగడం మంచిదే. కానీ రాత్రి ప్రోగ్రాముల విషయానికొస్తే జూమ్ ఎంత దూరం పోతుందనేది రెండో సంగతి, ముందు చూడాల్సింది ఆ లెన్స్ లోపలికి ఎంత లైట్ వదులుతుందనేది. అది ఎట్ల లెక్కేసుకోవాలి, మన కర్నూలు అనంతపురం కడప స్టేజీలకు ఏది సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఏమేం చూసుకోవాలి అనేది ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, పోయేది మీ కష్టార్జితం కాబట్టి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర ఆట పాట ఎక్కువ భాగం రాత్రిపూటే. ఉరుముల నృత్యం, చెక్కభజన, తెల్లవార్లూ నడిచే పద్య నాటకాలు, కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీలు, తాళ్లపాకలో అన్నమయ్య జయంతి కీర్తనలు, వినాయక చవితి పందిళ్ల దగ్గర ఆర్కెస్ట్రాలు, కాలేజీ ఫెస్టులు, ఇవన్నీ పొద్దు కుంకినాకే. సురభి నాటకాలు 1885లో మొదలైంది కూడా మన కడప జిల్లాలోనే. ఇంత ఉండి కూడా ఈ కళాకారుల మంచి ఫోటోలు వెతికితే దొరకవు, దొరికినవాటిలో సగం ఫ్లాష్ కొట్టి తీసినవి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనకంతా నల్లగా, స్టేజీ మీద వేసిన ఎర్ర లైటు నీలం లైటు ఒక్కటీ ఫోటోలో కనపడదు. పైగా గొంతెత్తి పద్యం అందుకున్నాయనకు కళ్లల్లో ఫ్లాష్ కొడితే ఆయన ఏకాగ్రత ఏం కావాలి? కాబట్టి ఫ్లాష్ మాట మర్చిపోండి. ఉన్న లైటులోనే తీయాలి, దానికి తగ్గ లెన్స్ కావాలి.

లెన్స్ మూతి దగ్గర చూడండి, 55-250 పక్కన 1:4-5.6 అనో, 70-200 పక్కన 1:2.8 అనో రాసుంటుంది. ఆ 1: తర్వాత ఉండే నంబరే అసలు సరుకు, దాన్నే ఎఫ్ 4, ఎఫ్ 2.8 అని పిలుస్తారు. నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ లోపల రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్ 4 కంటే ఎఫ్ 2.8 రెండింతల లైట్ వదులుతుంది, ఎఫ్ 5.6 తో పోలిస్తే నాలుగింతలు. 4-5.6 అని రెండు నంబర్లు ఉన్నాయంటే జూమ్ చేసే కొద్దీ రంధ్రం చిన్నదవుతుందని అర్థం, 55 దగ్గర 4 ఉండేది మధ్యలోనే ఎక్కడో 5.6 అయిపోతుంది, అంటే దూరం నుంచి మొహం దగ్గరగా తీయాలని జూమ్ లాగిన టైములోనే లైట్ తక్కువ పడుతుంది. 70-200 ఎఫ్ 2.8 లో ఆ గొడవ లేదు, 70 దగ్గరా 200 దగ్గరా అదే 2.8.

దీన్ని స్టేజీ మీద పెట్టి చూడండి. పాడే మనిషి నిలబడి పాడినా చెయ్యి ఊగుతుంది తల ఊగుతుంది, సెకండులో 1/200 లేదా 1/250 వంతు షట్టర్ స్పీడ్ లేకుంటే మొహం చెదిరిపోతుంది, డ్యాన్స్ అయితే 1/500 కావాలి. ఎఫ్ 5.6 లెన్స్‌తో 1/250 దగ్గర ఐఎస్ఓ (ఫోటో వెలుగును కెమెరాలో పెంచే సెట్టింగ్) 12800 అడిగే చోట ఎఫ్ 2.8 లెన్స్‌కు 3200 సరిపోతుంది. మామూలు క్రాప్ సెన్సార్ కెమెరాల్లో (అంటే ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ కంటే చిన్నది ఉండేవి) 3200 అంటే సుబ్బరంగా ప్రింట్ వేసుకోవచ్చు, 12800 అంటే చర్మం మీదంతా రవ్వ పోసినట్టు గింజలు గింజలుగా ఉంటుంది.

ఇంకోటి, చానా మంది పట్టించుకోనిది. కెమెరా ఫోకస్ వెతికేది కూడా లెన్స్ వదిలే లైటుతోనే. డీఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపల మిర్రర్ ఉండే కెమెరాలో అయితే మీరు ఎఫ్ 4 పెట్టినా ఎఫ్ 8 పెట్టినా ఫోకస్ చేసేటప్పుడు రంధ్రం పూర్తిగా తెరిచే ఉంటుంది, బటన్ నొక్కినప్పుడే మూసుకుంటుంది, కాబట్టి ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే చీకట్లో ఫోకస్ గబుక్కున పట్టుకుంటుంది, పైగా కొన్ని కెమెరాల్లో మధ్య ఫోకస్ పాయింట్ ఎఫ్ 2.8 లెన్స్ తగిలిస్తేనే పూర్తి బలంతో పనిచేస్తుంది. ఎఫ్ 5.6 జూమ్ అయితే ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, ఆ లోపల పల్లవి అయిపోతుంది. మిర్రర్‌లెస్ కంపెనీలు "మా కెమెరా మైనస్ ఆరు ఈవీ చీకట్లో కూడా ఫోకస్ చేస్తుంది" అని రాస్తాయి చూడండి (ఈవీ అంటే వెలుగు కొలత, ఎంత మైనస్ అయితే అంత చీకటి), కెనాన్ వాళ్లు ఆ నంబర్ ఇచ్చేది ఎఫ్ 1.2 లెన్స్ పెట్టి కొలిచిన లెక్క, మన చేతిలో ఉన్న జూమ్‌కు అది వర్తించదు.

సరే, ఇప్పుడు అసలు పని. డబ్బు తీయక ముందు మీ దగ్గర ఉన్న, కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ తగిలించుకుని, మీరు ఎక్కువగా తీయబోయే చోటికి ఒక సాయంత్రం పోండి. అనంతపురం లలిత కళాపరిషత్ కావచ్చు, కర్నూలు టీజీవీ కళాక్షేత్రం కావచ్చు, మీ వీధి పందిరి కావచ్చు, ప్రోగ్రాం నడుస్తున్నప్పుడే పోవాలి, ఖాళీ హాల్లో ట్యూబ్‌లైట్ల కింద చూస్తే ప్రయోజనం లేదు. మీకు నిజంగా నిలబడనిచ్చే చోట నిలబడండి, అంటే వీఐపీ సోఫాల వెనకో, పక్క దారిలోనో, వీడియో స్టాండ్ పక్కనో, ఎక్కడ నిలబడితే మంచి ఫోటో వస్తుందని కాదు, ఎక్కడ ఉండనిస్తారు అని. అక్కడి నుంచి లెన్స్‌ను 55 దగ్గర పెట్టి, మాన్యువల్ మోడ్‌లో ఎఫ్ 5.6, షట్టర్ 1/250 పెట్టి, పాడే మనిషి మొహం సరైన వెలుగులో వచ్చేదాకా ఐఎస్ఓ పెంచుకుంటూ పోండి. వెనకాల ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, మొహం ఒక్కటే చూడండి. ఏ ఐఎస్ఓ దగ్గర సరిపోయిందో రాసుకోండి, అది మొదటి నంబర్.

ఇంటికొచ్చి అదే ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, మీకు ఎంత దగ్గరగా కావాలో అంతకు క్రాప్ చేయండి, నడుం దాకా కావాలంటే నడుం దాకా. అసలు ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు ఉండి క్రాప్ చేసింది 2000 మిగిలితే మూడింతలు, అంటే 55 మూళ్లు 165, మీకు కావాల్సింది 165 ఎంఎం. 1500 మిగిలితే నాలుగింతలు, 220 కావాలి. ఇది రెండో నంబర్. ఇందులో మంచి సంగతి ఏందంటే మీ కెమెరాతోనే కొలిచినారు కాబట్టి క్రాప్ ఫ్యాక్టర్ (సెన్సార్ సైజు తేడా లెక్క) తలనొప్పి లేదు, రేపు ఫుల్ ఫ్రేమ్‌కు మారితే మాత్రం ఆ నంబర్‌ను 1.5 తో, కెనాన్ అయితే 1.6 తో గుణించుకోవాలి.

ప్రోగ్రాం దాకా ఆగలేకపోతే అంగలతో కొలవండి. ఒక పెద్ద అంగ దాదాపు ముప్పాతిక మీటరు. క్రాప్ కెమెరా మీద 200 ఎంఎం పెడితే 10 మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టేది సుమారు 1.2 మీటర్ల వెడల్పు, అంటే నడుం పైనుంచి ఒక మనిషి. 20 మీటర్ల దగ్గర 2.3 మీటర్ల వెడల్పు ఒకటిన్నర మీటర్ ఎత్తు, కెమెరా నిలువుగా తిప్పితే మనిషి పాదాల నుంచి తల దాకా పడతాడు. ఫుల్ ఫ్రేమ్ మీద అదే 200, అదే 20 మీటర్లకు 3.6 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే పాడేవాళ్లు పక్కన తబలా ఆయన కూడా వచ్చేస్తాడు. 30 మీటర్లు దాటితే, కాలేజీ గ్రౌండ్లలో బ్యారికేడ్ వెనక నిలబడితే అంతే ఉంటుంది, ఫుల్ ఫ్రేమ్ 200 తో మనుషులు చిన్నగా కనపడతారు.

ఇప్పుడు మీ చేతిలో రెండు నంబర్లున్నాయి. ఐఎస్ఓ నంబర్‌ను నాలుగుతో భాగించండి, ఎఫ్ 2.8 లెన్స్‌తో మీకు పడే ఐఎస్ఓ అది. రెండుతో భాగిస్తే ఎఫ్ 4 లెన్స్‌కు. 12800 వచ్చిందనుకోండి, 2.8 తో 3200, హాయిగా ఉంటుంది. 25600 పెట్టినా మొహం చీకటిగానే ఉందంటే 2.8 లెన్స్ కూడా 6400 పైనే అడుగుతుంది, ఆ చోటికి జూమ్ కంటే ఎఫ్ 1.8 లేదా ఎఫ్ 2 ఉన్న, జూమ్ లేని సింగిల్ లెన్సే దిక్కు. అదే 3200 కే సరిపోయిందంటే, పెద్ద ఫెస్టుల్లో బోలెడు లైట్లు పెడతారు కాబట్టి అట్ల జరుగుతుంది, ఎఫ్ 4 జూమ్‌తో కూడా నడిపేయొచ్చు, సగం బరువు సగం ఖర్చు.

రెండో నంబర్ వందకు లోపల వచ్చినవాళ్లు 70-200 లాంటి పెద్ద తెల్ల లెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. పందిరి ముందు కూర్చుని తీసేవాళ్లకు, ఖవ్వాలీ దగ్గర కింద దుప్పటి మీద కూర్చునేవాళ్లకు 85 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. కెనాన్‌లో అది 1992 నుంచి ఉంది, బరువు అర కిలో కూడా ఉండదు, 2.8 జూమ్ కంటే రెండింతలకు పైనే లైట్ తెస్తుంది, ధర కూడా మనలాంటోళ్లకు అందేదే. జూమే కావాలంటే క్రాప్ కెమెరాలకు సిగ్మా 50-100 ఎఫ్ 1.8 అని 2016లో వచ్చింది, చీకట్లో దానికి సాటి తక్కువ, కాకపోతే కిలోన్నర బరువు, చేతి వణుకును ఆపే స్టెబిలైజేషన్ లేదు. ఫుల్ ఫ్రేమ్ సోనీ, నికాన్ జెడ్ వాళ్లకు టామ్రాన్ 35-150 ఎఫ్ 2-2.8 ఉంది, స్టేజీ మొత్తం ఒకసారి, మొహం ఒకసారి తీయాలంటే లెన్స్ మార్చే పని లేదు, పెళ్లిళ్లు కూడా చేసేవాళ్లకు నేనైతే అదే చెప్తా.

వంద నుంచి రెండొందల మధ్య వచ్చినవాళ్లకు, మన ఊర్ల స్టేజీలకు ఎక్కువ మందికి వచ్చేది ఇదే, 70-200 ఎఫ్ 2.8 తీసుకోండి. కొత్తది కంపెనీ లెన్స్ అయితే రెండు లక్షలు దాటుతుంది కాబట్టి పాత వెర్షన్లు చూడండి అంటా. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకు 2010లో వచ్చిన ఐఎస్ రెండో వెర్షన్ ఇప్పటికీ గట్టి లెన్స్, 2018లో వచ్చిన మూడోది దానికంటే పెద్దగా వేరేమీ కాదు, కోటింగు మారింది అంతే, కాబట్టి మూడో వెర్షన్ అని ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. అడాప్టర్ పెట్టుకుంటే కెనాన్ ఆర్ మిర్రర్‌లెస్ మీద కూడా ఫోకస్ బాగా పట్టుకుంటుంది. నికాన్‌లో 2003 నాటి మొదటి వీఆర్ వెర్షన్ ఫుల్ ఫ్రేమ్ మీద మూలలు మెత్తగా ఇస్తుంది కానీ క్రాప్ బాడీ మీద ఆ మూలలు ఎట్లాగూ కట్ అయిపోతాయి, తక్కువ ధరకు దొరికితే వదలొద్దు. 2009 నాటి రెండో వెర్షన్‌లో ఒక చిక్కుంది, చానా దగ్గర మనిషిని తీస్తే 200 పెట్టినా అంత దగ్గరగా కనపడదు, స్టేజీ దూరాలకు దాంతో ఇబ్బంది లేదు. సోనీ వాళ్లకు 2020లో వచ్చిన టామ్రాన్ 70-180 ఎఫ్ 2.8 నాకు చానా ఇష్టం, 810 గ్రాములే, అదే సోనీ సొంత 2016 జీఎం 70-200 ఎఫ్ 2.8 లెన్స్ 1480 గ్రాములు. మూడు గంటల ప్రోగ్రాం అంతా చేతిలో ఎత్తి పట్టుకున్నాక ఆ తేడా భుజానికి తెలుస్తుంది. సోనీ 2021లో తెచ్చిన జీఎం రెండోది 1045 గ్రాములకు తగ్గింది, డబ్బుంటే అదే రాజా.

రెండొందలు దాటి వచ్చినోళ్లు దయచేసి 70-300 వైపు చూడొద్దు. 300 దగ్గర అది ఎఫ్ 5.6 లేదా 6.3, రాత్రిపూట దానితో ఏమీ రాదు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించి జూమ్ పెంచే టెలికన్వర్టర్ పెడితే ఎట్లుంటుంది అని కూడా అడుగుతారు, 1.4 రెట్లది పెడితే 2.8 కాస్తా 4 అయిపోతుంది, 2 రెట్లది పెడితే 5.6, అంటే పెట్టిన డబ్బంతా మళ్లీ మొదటికే. 300 ఎఫ్ 2.8 లాంటివి మన చేతికందేవి కావు. అట్లాంటప్పుడు చేయాల్సింది లెన్స్ మార్చడం కాదప్పా, చోటు మార్చడం. నిర్వాహకులతో ముందు రోజే మాట్లాడండి, "సార్, ఫ్లాష్ వాడను, స్టేజీ ఎక్కను, ఫోటోలు మీకు కూడా ఇస్తా" అని చెప్తే మన సైడ్ కాదనేవాళ్లు తక్కువ, సోఫాల పక్కన నేల మీద కూర్చోనిచ్చినా చాలు. పెద్ద సింగర్లు వచ్చే ప్రోగ్రాముల్లో ఫోటోగ్రాఫర్లను మొదటి మూడు పాటలకే ముందుకు వదిలే పద్ధతి ఉంటుంది, ఆ మూడు పాటల్లోనే పని కానిచ్చుకోవాలి.

స్టెబిలైజేషన్ గురించి షాపుల్లో చానా గొప్పగా చెప్తారు. ఐఎస్, వీఆర్, వీసీ, ఓఎస్ఎస్, కంపెనీకి ఒక పేరు, పని ఒకటే, మీ చెయ్యి వణుకును ఆపుతుంది. స్టేజీ మీద మనిషి కదలికను ఆపదు. కదలికను ఆపేది షట్టర్ స్పీడ్ ఒక్కటే. 1/50 పెట్టి స్టెబిలైజేషన్ ఉంది కదా అనుకుంటే వెనక కర్టెన్ మడతలు కూడా షార్ప్‌గా వస్తాయి, డప్పు కొట్టే ఆయన మాత్రం పొగలాగా ఉంటాడు. అట్లని అక్కర్లేదని కాదు, క్రాప్ కెమెరా మీద 200 పెట్టి 1/200 లో తీసేటప్పుడు చేతి వణుకు కూడా పడుతుంది, ఉంటే మంచిదే. కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్‌లో లేకున్నా దిగులు లేదు, లేకుంటే ఒంటి కాలు స్టాండ్, మోనోపాడ్ అంటారు, అది కొనుక్కోండి, బరువు కూడా మోస్తుంది. ట్రైపాడ్ మాత్రం జనంలో వద్దు, ఎవరో ఒకరు తట్టుకుని పడతారు.

"ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేయొచ్చు కదా, ఎఫ్ 5.6 తో సరిపెట్టుకుంటే పోలా" అనేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఏఐ డీనాయిజ్ వచ్చింది, రా ఫైల్ (జేపెగ్ చేయక ముందు కెమెరా దాచే పూర్తి ఫైల్) ఉంటే 6400 ఫోటోను కూడా శుభ్రం చేస్తుంది. కూర్చుని పాడే శాస్త్రీయ సంగీత కచేరీలకు ఎఫ్ 4 లెన్స్ ప్లస్ డీనాయిజ్‌తో నడిపేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఫోకస్ తప్పినా, మొహం కదిలిపోయినా దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా బాగుచేయలేదు, చేసినట్టు కనపడినా ఆ కళ్లు ఆ మనిషివి కావు.

ఎఫ్ 2.8 కు ఒక గుణం ఉంది, ముందే తెలిసి ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 200 దగ్గర 2.8 లో తీస్తే 5 మీటర్ల దూరంలో షార్ప్‌గా ఉండే లోతు పది సెంటీమీటర్లే, 10 మీటర్లకు నలభై సెంటీమీటర్లు. మైకు నోటి ముందు ఉంటుంది, కెమెరా పోయి ఆ మైకును పట్టుకుంటుంది, మొహం మెత్తగా వస్తుంది. ఒకే ఫోకస్ పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి, మిర్రర్‌లెస్ అయితే కంటిని పట్టే మోడ్ పెట్టండి. వీణ ఆమె, మృదంగం ఆయన ఇద్దరూ షార్ప్‌గా కావాలంటే 2.8 సరిపోదు, 4 కు పోవాలి, దానికి ఐఎస్ఓ ఒక మెట్టు ఎక్కుతుంది, అది తప్పదు.

మౌంట్ (లెన్స్ కెమెరాకు తగిలే చోటు), ఫోకస్ మోటార్ విషయంలో నికాన్ వాళ్లు జాగ్రత్త. 80-200 ఎఫ్ 2.8 డి అని పాత లెన్స్ ఒకటి తక్కువకే తిరుగుతుంటుంది, అద్దాలు బాగానే ఉంటాయి, కానీ దానిలో ఫోకస్ మోటార్ లేదు. డీ3400, డీ5600 లాంటి డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో కూడా మోటార్ ఉండదు, కాబట్టి చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. జెడ్ కెమెరాకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా అంతే. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉంటే మోటార్ ఉన్నట్టు. చీకటి స్టేజీ ముందు చేత్తో ఫోకస్ చేయడం అనేది చెప్పినంత సులువు కాదు.

సెకండ్ హ్యాండ్‌కు పోయేటప్పుడు మీ కెమెరా, ఒక ల్యాప్‌టాప్, ఫోన్ టార్చ్ వెంట తీసుకుపోండి. లెన్స్ రెండు మూతలు తీసి, రంధ్రం తెరిచి పెట్టి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు నాలుగు కనపడితే భయపడొద్దు, అవి ఫోటోలో రావు. సాలెగూడు లాగా తీగలు కనపడితే అది ఫంగస్, పొగమంచు లాగా పలచగా కనపడితే హేజ్, ఈ రెండింట్లో ఏది ఉన్నా వదిలేయండి. పగటి పెళ్లి ఫోటోలకు హేజ్ ఉన్న లెన్స్ నడుస్తుందేమో గానీ స్టేజీ లైట్లు సూటిగా లెన్స్‌లోకి కొడతాయి, ఫోటో అంతా పాలు పోసినట్టు అయిపోతుంది. మన సైడ్ గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇక్కడే వాడిన లెన్స్‌లలో ఫంగస్ తక్కువ, కోస్తా నుంచో చెన్నై నుంచో వచ్చినవాటిని ఇంకా గట్టిగా చూడండి. మన వాటిలో చూడాల్సింది ఇసుక, జూమ్ రింగ్ తిప్పేటప్పుడు గరగరమంటే వద్దు.

తర్వాత కెమెరాకు తగిలించి కదిపి చూడండి, మౌంట్ దగ్గర లటలట ఆడకూడదు. 200 దగ్గర పెట్టి దగ్గర వస్తువు ఒకటి, దూరం బోర్డు ఒకటి మార్చి మార్చి ఫోకస్ చేయండి, ఆగి ఆగి పోతే మోటార్ అలసిపోయినట్టు. ఎఫ్ 2.8 లోనే ఇటుక గోడకు ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో నాలుగు మూలలూ పెద్దగా చేసి చూడండి, ఒక వైపు మూల షార్ప్‌గా ఇంకో వైపు మూల బాగా మెత్తగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడో మరెందుకో లోపల అద్దం పక్కకు జరిగి ఉండొచ్చు, తర్వాత ఎవరూ సులువుగా బాగుచేయలేరు. డీఎస్ఎల్ఆర్ అయితే పేపర్ మీద ఒక అక్షరానికి ఫోకస్ పెట్టి తీసి, ఆ అక్షరమే షార్ప్‌గా వచ్చిందా దాని ముందుదో వెనకదో వచ్చిందా చూడండి. పెద్ద బాడీల్లో దీన్ని మెనూలో సరిచేసుకోవచ్చు, చిన్న బాడీల్లో ఆ ఆప్షన్ ఉండదు. లోపల స్టెబిలైజర్ కొంచెం గుర్రుమన్నా, ఆఫ్‌లో ఊపితే టకటకమన్నా కంగారు పడొద్దు, కొన్ని లెన్స్‌లకు అది మామూలే. బిల్లు, సీరియల్ నంబర్ కలిసినాయా చూసి, అమ్మే ఆయన ఆధార్ కాపీ ఒకటి తీసుకోండి, దొంగ సొత్తు మీ మెడకు చుట్టుకోకుండా.

ఇంకా తేల్చుకోలేకపోతే అద్దెకు తెచ్చుకోండి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్, కడప వాళ్లకు తిరుపతి, చెన్నై ఉన్నాయి, ఒకటి రెండు రోజులకు డిపాజిట్ పెట్టి ఇస్తారు. దానికంటే ముందు మీ ఊర్లో పెళ్లి ఫోటోలు తీసే అన్నలను అడగండి, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, లెన్స్ బ్యాగులో ఊరికే ఉంటుంది, మర్యాదగా అడిగి అద్దె ఇస్తామంటే ఇస్తారు. ఒక ప్రోగ్రాం మొత్తం ఆ బరువు మోస్తే మీకే తెలుస్తుంది అది మీకు సరిపోతుందా లేదా అని.

లెన్స్ ఏదైనా, లైట్ల సంగతి ఒకటి చెప్పాలి, లేకుంటే లెన్స్ పాడైందనుకుంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే ట్యూబ్‌లైట్లు, మామూలు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు సెకండ్‌కు వంద సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. 1/250 లో వరసగా పది తీస్తే కొన్ని వెలుగ్గా, కొన్ని మసగ్గా, కొన్నింట్లో అడ్డంగా చారలు వస్తాయి. కెమెరా మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, మిర్రర్‌లెస్‌లో సైలెంట్ షట్టర్ ఆపేసి మెకానికల్ పెట్టండి. నీలం ఎల్ఈడీ మొహం మీద పడినప్పుడు ఫోటో ఒక ముద్దలాగా అయిపోతుంది, అది కూడా లెన్స్ తప్పు కాదు, ఒక్క రంగు మాత్రమే నిండిపోవడం, కొంచెం తక్కువ వెలుగులో రా ఫైల్‌గా తీసుకోండి, లేదా లైటు మారేదాకా ఆగండి.

కొత్తది కొన్నా పాతది కొన్నా మార్చుకునే గడువు ఎన్ని రోజులో ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఆ గడువు లోపలే రాత్రిపూట మీ వీధి లైటు కింద ఇంట్లోవాళ్లను నిలబెట్టి 70, 135, 200 మూడింటి దగ్గరా ఎఫ్ 2.8 లో, 1/250 లో ఒక యాభై ఫోటోలు తీసి కళ్ల దగ్గర పెద్దగా చేసి చూడండి, పగలు షాపులో బాగా పట్టిన ఫోకస్ రాత్రి తప్పుతోందంటే వెంటనే వెనక్కిచ్చేయండి.